సేవామూర్తి అన్న మాట కొట్టేసి, అమ్మ చేతుల గురించి రాయండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 1979 నుంచి 2013 దాకా, 34 ఏళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేసిన అమ్మ పోయి మూడు వారాలయింది. వచ్చే ఆదివారం సంస్మరణ సభలో మీరు ఐదు నిమిషాలు మాట్లాడాలి. తర్వాత మనవల కోసం ఆమె జీవితాన్ని కొన్ని పేజీలుగా రాసి ఉంచాలని కోరిక. రాయడానికి కూర్చుంటే ‘త్యాగమయి’, ‘సేవామూర్తి’, ‘చల్లని తల్లి’ తప్ప కలం కదలడం లేదు. పైగా మీకు తొమ్మిదేళ్లప్పుడు 103 జ్వరంతో పడి ఉంటే, మిమ్మల్ని పిన్నికి అప్పగించి ఆమె నైట్ డ్యూటీకి వెళ్లిపోయిన రాత్రి ఇంకా గొంతుకు అడ్డం పడుతోంది. అది చెప్పాలా, మింగేయాలా అని అడిగారు. చివర్లో ఆమె జేబు పుస్తకంలోని ఒక పేజీ అర్థం కాలేదంటూ ఉన్నది ఉన్నట్టు రాసి పంపారు.

నేను 36 ఏళ్లు వార్డుల్లో పనిచేశాను, చివరి పదకొండేళ్లు హెడ్ నర్సుగా. తోటి సిస్టర్ల సంస్మరణ సభలకు ఎన్నింటికి వెళ్లానో లెక్కలేదు. ఇద్దరు పిల్లల తల్లిని కూడా. కాబట్టి మీ కోపం గురించి నాతో మొహమాటం అక్కర్లేదు. ఇంచుమించు అదే కోపం నా ఇంట్లోనూ ఉంది.

ముందు ఆ మూడు మాటలూ కొట్టేయండి. అవి అబద్ధాలని కాదు. ఎవరి గురించైనా చెప్పగలిగే మాటలు మీ అమ్మ గురించి ఏమీ చెప్పవు. ఒక సిస్టర్ సభ గుర్తొస్తోంది. వేదిక ఎక్కిన ప్రతి ఒక్కరూ “ఎప్పుడూ చిరునవ్వుతో ఉండేవారు” అన్నారు. వెనక వరసలో కూర్చున్న మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆమె డ్యూటీలో నవ్వడం మాలో ఎవరూ చూడలేదు. కసురుకునేది కూడా. కానీ విరేచనాలతో ఎండిపోయి, నరం దొరకని పసిబిడ్డకు సెలైన్ పెట్టాలంటే పక్క వార్డుల డాక్టర్లు సైతం ఆమెకే కబురు పంపేవారు. ఆమె బిడ్డ పాదాన్ని అరచేతిలో పెట్టుకుని, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, వేలికొనతో వెతికేది. ఆ తర్వాత ఒకే ఒక్క పోటు. సభ ముగుస్తుండగా వార్డు ఆయా లేచి నిలబడి ఈ సంగతి చెప్పింది. ఆ రోజు విన్న వాటిలో నాకు మిగిలింది అదొక్కటే.

సేవ, దయ అంటూ పొగిడేటప్పుడు పని తెలిసిన మనిషి కనబడకుండా పోతుంది. ఫ్లోరెన్స్ నైటింగేల్‌కే ఈ గతి పట్టింది. ఆమె పేరు చెప్పగానే అందరికీ దీపం గుర్తొస్తుంది. క్రిమియా యుద్ధ కాలంలో, 1854 నవంబరులో 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి వెళ్లిన మాట నిజమే, రాత్రిళ్లు వార్డులు తిరిగిన మాటా నిజమే. (బొమ్మల్లో చేతికిచ్చే నూనె దీపం మాత్రం చిత్రకారుల కల్పన. అక్కడ వాడింది మడతపడే కాగితపు లాంతరు.) అయితే తిరిగొచ్చాక ఆమె చేసింది లెక్కలు. గాయాలతో చనిపోయిన సైనికుల కన్నా, నివారించగలిగిన రోగాలతో పోయినవారు చాలా ఎక్కువని రంగుల పటం గీసి ప్రభుత్వం ముందు పెట్టింది. లండన్ గణాంక సంఘం 1858లో సభ్యత్వం ఇచ్చిన మొదటి మహిళ ఆమే. దీపం మాత్రం లోకానికి గుర్తుండిపోయింది, లెక్కలు మరుగున పడ్డాయి. మీ అమ్మ విషయంలో ఆ పొరపాటు మీరు చేయకండి.

ఇక అసలు పని. కళ్లు మూసుకుని ఆమె చేతులు గుర్తు తెచ్చుకోండి. మాటిమాటికీ కడిగి, స్పిరిట్ తగిలి వేలి కణుపుల దగ్గర పగిలిన చర్మం ఉండి ఉంటుంది. గోళ్లు ఎప్పుడూ కురచగా కత్తిరించి ఉంటాయి. చిన్నప్పుడు ఆమె మీ చేయి పట్టుకున్నప్పుడు వేళ్లు ఎక్కడ ఆనేవి? పందెం కాస్తాను, మణికట్టు మీద, బొటనవేలి వైపు. ప్రేమగా పట్టుకున్నా మా వేళ్లు నాడి దగ్గరికే వెళతాయి. అలవాటు అలాంటిది.

అందులో ఒక చిన్న మోసం కూడా ఉంది, బహుశా మీకు తెలియదు. తన ఊపిరిని ఎవరో లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి ఊపిరి మారిపోతుంది. అందుకని నాడి లెక్క పూర్తయినా మణికట్టు వదలం. ఇంకా నాడే చూస్తున్నట్టు నటిస్తూ, ఛాతీ ఎన్నిసార్లు లేస్తోందో నిమిషం పాటు లెక్కపెట్టుకుంటాం. అమ్మ మీ పక్కన కూర్చుని, చేయి పట్టుకుని, ఏమీ మాట్లాడకుండా ఉండిపోయిన సందర్భాలు గుర్తున్నాయా? ఆ మౌనంలో కొంత లెక్క ఉండి ఉంటుంది.

సెలైన్ చుక్కలు కూడా అంతే. యంత్రాలు రాకముందు, ఇప్పటికీ చాలా చోట్ల, బుడ్డి కింద నిలబడి గడియారం చూస్తూ లెక్కపెట్టడమే. సాధారణంగా వాడే గొట్టంలో 20 చుక్కలు పడితే ఒక మిల్లీలీటరు. 500 మిల్లీలీటర్లు ఎనిమిది గంటల్లో ఎక్కాలంటే నిమిషానికి 21 చుక్కలు. ఈ లెక్క మాకు ఎక్కాల్లాగా నోటికి వచ్చు. ఈ అంకెలు గుర్తుంచుకోండి, మీ పేజీ దగ్గర మళ్లీ వాటి అవసరం పడుతుంది.

ఆమె పనిచేసిన కాలాన్ని కూడా పేజీల్లోకి తీసుకురండి. మనవలకు అదే ఎక్కువ ఆసక్తిగా ఉంటుంది. 1979లో డ్యూటీలో చేరిందంటే గాజు సిరంజిలను నీళ్లలో మరగబెట్టి, సూదులు మళ్లీ మళ్లీ వాడిన రోజులు చూసే ఉంటుంది. పాదరసం థర్మామీటరును మణికట్టు విదిలింపుతో కిందికి దించడం మాకొక కళ, కొత్తగా వచ్చిన అమ్మాయిలు గోడకు కొట్టి పగలగొట్టేవారు. 1981లో ఎయిడ్స్ గురించి మొదటి వార్తలు వచ్చాయి, 1983లో వైరస్‌ను గుర్తించారు. అంతకుముందు చాలా పనులకు ఒట్టి చేతులతోనే రక్తం ముట్టుకున్నాం. తర్వాత ప్రతి రోగి రక్తాన్నీ ఒకే జాగ్రత్తతో చూడాలన్న పద్ధతి వచ్చింది, చేతి తొడుగులు నిత్యావసరమయ్యాయి. ఆ మధ్య ఏళ్లలో సూది గుచ్చుకున్న ప్రతిసారీ ఎన్ని రాత్రులు నిద్రపట్టక గడిపామో ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. మీ అమ్మా చెప్పి ఉండదు. వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ చూపించే పరికరం మా వార్డుకు చాలా ఆలస్యంగా వచ్చింది. దానికి ముందు పెదవులు, గోళ్ల రంగు చూసి పసిగట్టాల్సిందే. చలికి వణుకుతూ ఇంటికొచ్చిన పిల్లల గోళ్లు తిప్పి చూసే అలవాటు ఆమెకు ఉండేదేమో ఆలోచించండి.

చివరి ఏళ్లు కాన్పుల వార్డులో చేసిందని రాశారు. పుట్టిన బిడ్డకు మొదటి నిమిషంలో ఒకసారి, ఐదో నిమిషంలో ఇంకోసారి మార్కులు వేస్తాం. గుండె వేగం, ఊపిరి, కండరాల బిగువు, తాకితే స్పందన, ఒంటి రంగు. ఒక్కోదానికి సున్నా నుంచి రెండు, మొత్తం పదికి. వర్జీనియా అప్గార్ అనే వైద్యురాలు 1952లో పెట్టిన పద్ధతి ఇది. మనిషి జీవితంలో మొదటి పరీక్ష అన్నమాట. ఆ వార్డులో మీ అమ్మ ఎందరికి మార్కులు వేసిందో! మనవలకు ఈ ముక్క చెప్పి చూడండి, వెంటనే ‘నాకెన్ని వచ్చాయి?’ అని అడుగుతారు.

ఇక అమ్మ సంగతి. మీరు రాసిన వాటిలో నన్ను పట్టుకున్న వాక్యం జ్వరం గురించినది కాదు. “డ్యూటీ నుంచి రాగానే మమ్మల్ని దగ్గరికి తీసుకునేది కాదు, ఎదురు వెళితే చేయి అడ్డం పెట్టేది” అని మధ్యలో ఎక్కడో రాసి దాటేశారు. పిల్లల వార్డులో చేసిన మనిషి పొంగు, కోరింత దగ్గు, విరేచనాలు ముట్టుకుని వస్తుంది. బట్టలు మార్చి, స్నానం చేసేదాకా సొంత పిల్లలను తాకదు. అడ్డం పెట్టిన చేయి అందుకే. నా చిన్నవాడు ఆ వయసులో గుమ్మంలో నిలబడి ఏడ్చేవాడు. నేను వాణ్ణి తప్పించుకుని స్నానాల గదిలోకి దూరి, నీళ్ల చప్పుడులో ఏడ్చిన రోజులు ఉన్నాయి. తలుపు అవతల వాడికి అదేమీ తెలియదు.

పగటి నిద్ర కూడా రాయండి. నెలకు ఒక వారం నైట్ డ్యూటీ అనుకున్నా ఏడాదికి 84 రాత్రులు, 34 ఏళ్లకు 2,856. అంటే ఏడున్నర ఏళ్లకు పైగా రాత్రులు ఆమె మేలుకుని ఉంది. అలాంటి ఇళ్లలో పిల్లలు గుసగుసగా మాట్లాడటం, గిన్నె చప్పుడు కాకుండా పెట్టడం ముందే నేర్చుకుంటారు. మీరు ఇప్పటికీ తలుపు చప్పుడు కాకుండా మూస్తారా? అయితే అదీ ఆమె జీవిత కథలో భాగమే, రాయండి.

జ్వరం రాత్రి గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సభలో రెండు వాక్యాలు చాలు, పేజీల్లో మాత్రం పూర్తిగా రాయండి. దాచవద్దు. దాస్తే మీరు చెప్పే మిగతా మంచి మాటల మీద కూడా మీకే నమ్మకం ఉండదు, గొంతులో తెలిసిపోతుంది. అయితే ఎందుకు వెళ్లిందో కూడా రాయండి. రాత్రి డ్యూటీకి ఒక్కో వార్డుకు ఒక్క నర్సే ఉండేది, ఇప్పటికీ చాలాచోట్ల అంతే. డ్యూటీ అప్పగించనిదే సాయంత్రపు నర్సు కదలడానికి లేదు. ఈమె రాకపోతే, మధ్యాహ్నం నుంచి కాళ్లు లాగుతున్న ఆమె తెల్లవార్లూ ఉండిపోవాలి. ఆమెకూ ఇంట్లో పిల్లలు ఉంటారు. సాయంత్రం పూట సెలవు అడగడమంటే ఇంకో తల్లిని ఇంటికి వెళ్లకుండా ఆపడమే. ఇది సమర్థన కాదు. ఆ లెక్కలో మీరు ఓడిపోయారు, తొమ్మిదేళ్ల బిడ్డకు అలాగే అనిపిస్తుంది, అనిపించాలి కూడా.

మా పెద్దవాడు బడిలో పడి చేయి విరగ్గొట్టుకున్న రోజు నేను వార్డులో ఇంకెవరి పిల్లవాడికో చేతికట్టు సరిచేస్తున్నాను. కబురు వచ్చింది. నన్ను వదలడానికి పై అధికారి ఒప్పుకోవడానికి రెండు గంటలు పట్టింది. ముప్పై ఏళ్లు దాటాక ఒక రోజు వాడే అన్నాడు, “నీకు ముందు వాడి చేయి, తర్వాత నా చేయి” అని. నవ్వుతూనే అన్నాడు. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. కానీ నేను పోయాక వాడు ఆ మాట సభలో చెబితే నాకేమీ అభ్యంతరం ఉండదు. చెప్పకపోతేనే వాడు ఇంకెవరి గురించో మాట్లాడుతున్నాడనిపిస్తుంది.

జాగ్రత్తలు రెండు. ఆమె ఇంట్లో ఎప్పుడైనా రోగుల సంగతులు చెప్పి ఉంటే పేర్లు, ఊళ్లు, గుర్తుపట్టే వివరాలు వదిలేయండి. ఆమె బతికి ఉంటే మొదట కొట్టేసేది అదే. రెండోది, ‘లక్షలాది రోగుల ప్రాణాలు కాపాడిన’ లాంటివి వద్దు, పక్కనే కూర్చున్న మేం లెక్కపెడతాం. అన్నట్టు, ఇలాంటి సభల్లో ఎవరో ఒకరు ‘నైటింగేల్ రాసిన ప్రమాణం’ అంటూ నర్సుల ప్రతిజ్ఞ చదువుతారు. అది ఆమె రాసింది కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో లిస్ట్రా గ్రెటర్ నాయకత్వంలో ఒక బృందం రాసి, నైటింగేల్ పేరు పెట్టింది. చదవాలనుకుంటే చదవండి, పేరు మాత్రం సరిగ్గా చెప్పండి.

ఎవరిని అడగాలి అన్నారు. డాక్టర్లను చివర అడగండి. ముందు ఆమెతో డ్యూటీ మార్చుకున్న సిస్టర్లను, ఆయాలను, వార్డు బాయ్‌లను పట్టుకోండి. “అమ్మ ఎలాంటి మనిషి?” అని అడిగితే మళ్లీ చిరునవ్వే వస్తుంది. ఇలా అడగండి: “ఏ పనికి అమ్మను పిలిచేవారు? ఏ విషయానికి కోపం వచ్చేది? రాత్రి మూడు గంటలకు ఏం చేసేది?” ఇంకో ప్రశ్న, అడగడానికి కష్టమే అయినా: “చనిపోయినవారిని ఎలా చూసుకునేది?” ప్రాణం పోయాక ఒళ్లు తుడిచి, కళ్లు మూసి, బట్ట మార్చేది మేమే. నాకు పని నేర్పిన సీనియర్ అప్పుడు కూడా ఆ మనిషిని పేరు పెట్టి పిలిచేది. “ఇప్పుడు మీ ఎడమ చేయి ఎత్తుతున్నానండీ” అని చెప్పి మరీ ఎత్తేది. మొదటిసారి విన్నప్పుడు నాకు భయం వేసింది. రెండో నెల నుంచి నేనూ అలాగే మాట్లాడాను. మీ అమ్మకూ తనదంటూ ఒక పద్ధతి ఉండే ఉంటుంది, దాన్ని చూసినవారు ఇంకా ఉన్నారు.

ఇక జేబు పుస్తకం పేజీ. మీరు రాసి పంపింది ఇది:

7 – ఎ 10, వె 12, కు 2, ఎ 4, వె 6
11 – 500/8, 21
3 – 40, 35, 20. డా.కు చెప్పాను 1.15
10.30 – 103, 1 – 102.2, 4 – 100.4

ఇది ఒక నైట్ డ్యూటీ. చార్టులో ఎక్కించే ముందు చేతికందిన కాగితం మీద అందరం ఇలాగే గీసుకుంటాం. ఏడో నంబరు మంచం మీద కదలలేని మనిషి ఉన్నారు. పడక పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి తిప్పింది: ఎడమ, వెల్లకిలా, కుడి, మళ్లీ ఎడమ. పది నుంచి ఆరు దాకా ఒక్కసారి కూడా తప్పలేదు చూడండి. ఒంటరిగా పెద్ద మనిషిని అలా ఐదుసార్లు తిప్పితే తెల్లారేసరికి నడుము నిలవదు. పదకొండు మీకు ఇందాక చెప్పిన సెలైనే, 500, ఎనిమిది గంటలు, 21 చుక్కలు. మూడో నంబరు బహుశా ఆపరేషన్ అయిన రోగి. అవి గంట గంటకూ మూత్రం కొలతలు. పెద్దవాళ్లకు గంటకు 30 మిల్లీలీటర్ల కన్నా తగ్గితే మాకు కంగారు మొదలవుతుంది. 20 చూడగానే ఒంటిగంటం పావుకు డాక్టరును నిద్రలేపింది. లేపినందుకు ఆమె తిట్లు తిన్నదో లేదో గానీ, లేపడమే సరైన పని.

నాలుగో వరస దగ్గర చాలాసేపు ఆగాను. అవి జ్వరం అంకెలు, అందులో సందేహం లేదు. కానీ ముందు మంచం నంబరు లేదు. మంచం దొరకక నేల మీద పడుకోబెట్టిన రోగి అయి ఉండవచ్చు, అలాంటివారికి నంబరు ఉండదు. 103 అరుదైన జ్వరమూ కాదు. అయితే వార్డులో జ్వరాలు వేళ ప్రకారం అందరికీ ఒకే రౌండులో చూస్తాం. పదిన్నర, ఒంటిగంట, నాలుగు అన్నవి నాకు రౌండు వేళల్లా కనిపించడం లేదు. ఎవరో చూసి చెబుతుంటే రాసుకున్నట్టు ఉంది. పేజీ మీద తేదీ లేదన్నారు. ఆ రోజుల్లో మీ ఇంట్లో గానీ, పక్కింట్లో గానీ ఫోను ఉండేదా? ఆ రాత్రి మీ పక్కన పిన్ని ఉందని రాశారు కదా. ఆదివారం లోపు ఆమెను ఒకసారి అడగండి, అర్ధరాత్రి దాటాక మీకు థర్మామీటరు పెట్టి చూసి ఎవరికైనా చెప్పిందేమో.